దీంట్లో కుప్పం అగుపడతాదా?

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు హారిక బెంగళూరు నుంచి మదనపల్లెకు వచ్చింది. వస్తూ వస్తూ మెడలో ఒక కెమెరా తగిలించుకొని వచ్చింది. చేతిలో అంత ఫోనుండగా ఆ రెండోది ఎందుకో నాకర్థం కాలేదు. "ఇది ఫిలిం కెమెరా అత్తా. ఇప్పుడు మా ఆఫీసులో అందరూ వీటి వెనకాలే పడుండారు" అంది. "మరి తీసిన ఫోటో యాడ కనపడుతుంది?" అని అమాయకంగా అడిగాను. "కనపడదు. అదే దీంట్లో మజా. రీలంతా అయిపోవాల, దాన్ని కడిగించాల, అంతదాకా కాచుకోవాల" అని, ఆ సంగతి లోకంలో మొదట కనిపెట్టింది తనే అయినట్టు నాకు ఓపిగ్గా పాఠం చెప్పింది. నేనూ బుద్ధిగా తలూపుతూ విన్నాను. పాఠం అయ్యాక లేచి, బీరువా పై అరలో పాత దిండుగలీబులో చుట్టిపెట్టిన నా బూడిదరంగు జూమ్ కెమెరాను, దాని పక్కనున్న ఆల్బమును తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. హారిక కెమెరాను ముద్దుచేసి పక్కన పెట్టి ఆల్బమ్ తెరిచింది. నాలుగు పేజీలు తిప్పేసరికి నవ్వు మొదలైంది. "ఎవురత్తా ఈ అవ్వలిద్దరూ? పేజీకొకరు పట్టుచీరలు కట్టుకోని, యుద్ధానికి పొయ్యేటట్టుండారే!"

"యుద్ధానికే" అన్నాను.

మాది పెద్దపంజాణికి దగ్గర్లో ఒక మెట్ట పల్లె. వాన కరుణిస్తే వేరుశనగ, రాగి. బావిలో నీళ్ళుంటే టమేటా. నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా పుంగనూరులో బస్సు మారి ఇంటికి చేరేదాన్ని. మా చిన్నాయన టమేటా లారీ తోలేవాడు. మదనపల్లె మార్కెట్లో ఎత్తిన సరుకు మద్రాసులో దించి, తిరిగొచ్చేటప్పుడు బర్మా బజారులో దూరి, కంటికి నదురుగా కనిపించిన వస్తువేదో ఒకటి పట్టుకొచ్చేవాడు. పాటలు పాడే గడియారం అలాగే వచ్చింది. మీట నొక్కితే విచ్చుకొనే గొడుగు అలాగే వచ్చి, మొదటి గాలివానకే తిరిగి ముడుచుకోనని మొండికేసింది. ఈ కెమెరా కూడా అలాగే వచ్చింది. దాంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో సగం ఇంట్లో ఎవరికీ తెలియని లిపి. చిన్నాయన దాన్ని తలకిందులుగా కూడా పట్టి చూసి, "సదువుకునేది నువ్వు గదా పాపా, దీని సంగతి నువ్వే సూసుకో" అని నా చేతిలో పెట్టేశాడు. అట్లా నేను ఆ ఇంటికి ఫోటోగ్రాఫర్‌నయ్యాను.

కెమెరా అరచేతిలో ఇమిడేది. ఒక మీట నొక్కితే 'జుయ్'మంటూ ముక్కు ముందుకు చాచేది, ఇంకోటి నొక్కితే వెనక్కి ముడుచుకొనేది. రీలు తనంతట తనే చుట్టుకొనేది. కాస్త చీకటనిపిస్తే మనల్ని అడక్కుండానే ఫ్లాష్ వేసేది. ఫోటో మూలన నారింజరంగు అంకెల్లో తేదీ పడేది కానీ, దాన్ని సరిచేయడం నాకెప్పుడూ చేతకాలేదు. కాబట్టి ఇందులో ఏ సంగతి ఏ సంవత్సరం జరిగిందని అడిగితే ఆల్బమ్ ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. అంతకుముందు మా ఇంట్లో ఫోటో అంటే తలకు నూనె రాసుకొని, పుంగనూరు పోయి, స్టూడియోలో గుడ్డమీద గీసిన జలపాతం ముందు ఊపిరి బిగబట్టి నిలబడటం. ఈ కెమెరా వచ్చాక ఫోటో మా వంటింట్లోకి, పశువుల కొట్టంలోకి నడిచి వచ్చింది.

దాన్ని అందరికంటే ఎక్కువగా అనుమానించింది మా అవ్వ మునెమ్మ, మా నాయనకు అమ్మ. అవ్వకు పొద్దు గడియారంతో కాక వాసనలతో నడిచేది. తెల్లారుజామున పేడనీళ్ళ వాసన, తరువాత పొయ్యిమీద సంగటి ఉడికే వాసన, చలికాలమైతే ఇల్లంతా పచ్చి అనపకాయల వాసన. నానబెట్టిన అనపగింజను వేళ్ళ మధ్య నొక్కి, తొక్కలోంచి పప్పును టుప్పున గిన్నెలోకి ఎగరగొట్టడంలో ఆమెకు ఆమే సాటి. మా నాయనను తిడుతూ, కోళ్ళను అదిలిస్తూ, దారిన పోయేవాళ్ళను పలకరిస్తూ కూడా ఒక్క గింజను గురి తప్పనిచ్చేది కాదు. ఆమె పక్కనే ఎప్పుడూ ఆమె ఆవు గౌరి. పుంగనూరు జాతి పొట్టి ఆవు. అవ్వ నడుమెత్తు కూడా ఉండేది కాదు, తోక మాత్రం నేలను ఊడ్చేది. ఎండెక్కితే ఎవరి అనుమతీ లేకుండా వసారాలోకి వచ్చి పడుకొనేది. మా అమ్మ కసిరిందంటే అవ్వ ఊరుకొనేది కాదు. "దాని ఇల్లే గదా ఇది. నిన్నగాక మొన్న వచ్చిన దానివి, నువ్వెవురు తరిమేదానికి?" అనేది. అప్పటికి మా అమ్మ కాపురానికొచ్చి, నన్ను కని, డిగ్రీ చదివించేంత కాలమైంది.

ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చొని కెమెరా తుడుస్తుంటే అవ్వ, "ఏదీ, ఇట్ట తే" అని లాక్కుంది. కళ్ళద్దాలు నుదుటిపైకి నెట్టి, చిన్న కిటికీలాంటి దాంట్లో కన్ను పెట్టింది. నేను మీట నొక్కాను. కెమెరా ముక్కు చాచగానే అవ్వ ఉలిక్కిపడి తల వెనక్కి తీసి, మళ్ళీ పెట్టింది.

"అబ్బా! గట్టుమీద ఎనుములు వాకిట్లోకొచ్చేసినాయి గదే!"

ఇక ఆ సెలవుల్లో కెమెరా నా చేతికి అందితే ఒట్టు. లోపల రీలు లేకపోయినా అవ్వకు పట్టింపు లేదు. మిద్దె మెట్లమీద కూర్చొని, మా చేలో ఎవరి మేకలు దూరాయో, బస్సు దిగినవాళ్ళు ఎవరింటికి పోతున్నారో కనిపెడుతూ ఉండేది. మేకలవాళ్ళు ఆ ముక్కును చూడగానే దారి మార్చుకొనేవాళ్ళు. అలా చూస్తూ చూస్తూ ఒకరోజు కెమెరాను దక్షిణం దిక్కుకు తిప్పి, చాలాసేపు కదలకుండా కూర్చుంది.

"పాపా, దీంట్లో కుప్పం అగుపడతాదా?"

నేను పగలబడి నవ్వాను. "కుప్పమా! మధ్యలో పలమనేరు, వి.కోట అడ్డం లేవా అవ్వా?" అవ్వ నవ్వలేదు. కెమెరాను నా ఒళ్ళో పెట్టి, "సుమ్నే, ఊరికే అడిగినాలే" అని లేచిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. కుప్పంలో చెంగమ్మ ఉంది.

చెంగమ్మ మా అవ్వకు ఒక్కగానొక్క చెల్లెలు, నాకు చిన్నవ్వ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్ళు. మా మేనత్త పెళ్ళికి చిన్నవ్వ కుప్పం నుంచి వచ్చింది. ఆమె అప్పుడే ఒక జెర్సీ ఆవును కొనుక్కొని, ఆ గర్వంలో ఉంది. పెళ్ళి పందిట్లో అందరూ భోజనాలు చేస్తుండగా గౌరి తన అలవాటు ప్రకారం నడిచి వచ్చింది. చిన్నవ్వ విస్తరి ముందు కూర్చొనే దాన్ని కిందికీ మీదికీ చూసి, "అక్కా, ఇది మనకు పాలిస్తాదా, మనమే దీనికి పాలు తాపాల్నా?" అంది. పందిరి పందిరంతా ఘొల్లుమంది. గౌరి ఆ అక్కచెల్లెళ్ళ పుట్టింటి మందలో పుట్టిన ఆవు. అవ్వ చేతిలోని సాంబారు గరిటెతోనే, "జెర్సీ ఆవును తెచ్చినాక నీ నోరు కూడా దానంత అయిండాదిమే" అంది. చిన్నవ్వ తింటున్న విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కొని బస్సెక్కేసింది. "దాని గడప తొక్కను" అని ఆమె, "దాని మొగం సూడను" అని ఈమె. ఆ తరువాత బంధువుల ఇళ్ళల్లో ఏ కార్యం జరిగినా, ఒకరు వచ్చే బస్సుకు ముందు బస్సులో ఇంకొకరు వెళ్ళిపోయేవారు. రాజీ చేయబోయిన పెద్దమనుషులంతా ఇద్దరి చేతా తిట్లు తిని సద్దుమణిగారు.

ముఖం చూడనన్నది ఒట్టు. ఫోటో చూడననే మాట అందులో లేదు. ఈ సంగతి నాకంటే ముందే అవ్వకు తట్టినట్టుంది. మరుసటి రోజు నా జడ వేస్తూ, "రైలును దగ్గర్నుంచి సూసినావా పాపా?" అంది. లేదన్నాను. "సదువుకునే పిల్ల రైలు సూడకుంటే ఎట్ట? కుప్పం పొయ్యి సూసి రాపో." జడ సగమయ్యాక మళ్ళీ అంది. "ఎట్టాగూ పోతాండావు. టేషన్ ఎనకాలే గదా దాని ఇల్లు. దూరంగా నిలబడి, దానికి తెలీకుండా, ఆ ముక్కు బారజాపి ఒగ ఫోటో తీసుకోనిరా. లావైందో సన్నమైందో సూస్తాం, అంతే. నేను సెప్పినానని మాత్రం ఎవురికీ సెప్పొద్దు."

ఒక్కదాన్నే అంతదూరం పోవడం నాకదే మొదలు. కిటికీ పక్క సీటు, ఒళ్ళో కెమెరా, నాకంటే గొప్పవాళ్ళు ఆ బస్సులో ఎవరూ లేరు. పలమనేరు బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే ఆమెను తీశాను. ఆమె బుట్ట పక్కన పెట్టి, కొంగు సవరించుకొని, మళ్ళీ తీయమంది. వి.కోటలో మూడు భాషల్లో ఊర్ల పేర్లు అరుస్తున్న కండక్టరును తీస్తే ఆయన విజిల్ నోట్లో పెట్టుకొని బిగుసుకుపోయి, "ఏ పేపర్లో వస్తాది మా?" అన్నాడు. కుప్పంలో దిగి ముందు స్టేషనుకు వెళ్ళి ఒక గూడ్సు బండిని తీశాను, ఎవరైనా అడిగితే రైలు చూడ్డానికి వచ్చానన్న మాట అబద్ధం కాకుండా. ఆ తరువాత చిన్నవ్వ ఉండే వీధిలో దూరాను.

చిన్నవ్వ వాకిట్లో నిలబడి కొబ్బరిమట్టలు చీలుస్తోంది. మల్బరీ ఆకు నింపుకొని ఆగి ఉన్న ఒక టెంపో చాటున నక్కి, ముక్కు బారజాపి, ఊపిరి బిగబట్టి నొక్కాను. టెంపో నీడ కెమెరాకు చీకటి అనిపించింది కాబోలు, ఫ్లాష్ భళ్ళున మెరిసింది.

"ఎవురది? పట్టపగలు మెరుపొచ్చిందే!" చిన్నవ్వ కత్తి పట్టుకొనే టెంపో చుట్టూ తిరిగి వచ్చింది. నన్ను చూడగానే ఆగిపోయింది. "మునెమ్మ మనవరాలివి గదా నువ్వు? ఆ ముక్కు యాడ దాచినా దాగదు."

"రైలు చూద్దామని వచ్చినాను చిన్నవ్వా."

"రైలు మా వాకిట్లో పోతాండాదా?"

జవాబు చెప్పే అవసరం లేకుండా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయి, ముందు అన్నం పెట్టింది. వాళ్ళింట్లో పులుసును కొళంబు అనేవారు. అందులో మునక్కాయ ముక్కలు చేటతో పోసినట్టు పడేవి. నేను తింటున్నంతసేపూ ఊర్లో వానల గురించి, మా టమేటా గురించి, మా నాయన గురించి అడిగింది. చివరికి, "ఇంట్లో అందురూ బాగుండారా?" అంది. బాగున్నారన్నాను. "అందురూ అంటే, అందురూనా?" అని రెట్టించింది. అందరూ అన్నాను. మజ్జిగ పోస్తూ తల తిప్పుకొని, "ఫోటో తీసుకోని రమ్మనింది గదా?" అంది. లేదన్నాను. "లేదంటే లేదులే. తీసేదేదో దొంగమాదిరి కాకుండా సక్కంగా తియ్యి" అని లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి మామిడిపండు రంగు పట్టుచీర, మెడలో కాసులపేరు, తల్లో కనకాంబరాలు. ఒక చేత్తో జెర్సీ ఆవు తాడు పట్టుకొని, ఇంకో చేత్తో పాలక్యాను ముందుకు జరిపింది. "క్యాను అగుపడేటట్టు తియ్యి. ఆవు తల తెగ్గొట్టొద్దు" అని చెప్పి, లెన్సులోకి నిప్పులు కురిసేటట్టు చూసింది. ఆ చూపు నాకు కాదని తెలుస్తూనే ఉంది.

సాయంత్రం బస్సు దిగేసరికి అవ్వ రోడ్డు మీదే ఉంది. "తీసినావా? తే, యాడ?" అని చెయ్యి చాచింది. రీలు ఇంకా అయిపోలేదు, అయ్యాక మదనపల్లెకు తీసుకుపోయి కడిగించాలి అన్నాను. అవ్వకు నమ్మశక్యం కాలేదు. "కడుపులో పెట్టుకోని కూసోనుంటే ఎట్ట? అయిపోగొట్టు! ఆ కోళ్ళను తియ్యి. అదో, మీ నాయన గెడ్డం గీసుకుంటాండాడు, తియ్యి" అని నన్ను ఊరంతా తిప్పింది. కోళ్ళను, సబ్బు నురగతో ఉన్న మా నాయనను, చెయ్యి అడ్డం పెట్టుకొని పారిపోతున్న మా అమ్మను, బట్టలుతికే బండను, లారీ బానెట్టు మీద పడుకొని నిద్రపోతున్న చిన్నాయనను, ఎవరూ లేని వసారాను, అన్నిటినీ తీసి పారేశాను. దండగ అనుకొని తీసినవే ఈనాడు హారికకు అన్నిటికంటే నచ్చాయి. నాకూ అవే మిగిలాయి. మా అమ్మ నవ్వు ఎలా ఉండేదో ఆ పారిపోతున్న ఫోటోలోనే తెలుస్తుంది.

కడిగించిన ఫోటోలు తెచ్చినరోజు అవ్వ వాటిని వెంటనే ముట్టుకోలేదు. చేతులు కడుక్కొని, తుడుచుకొని, ఎవరూ లేకుండా చూసి వెలుతురులోకి పోయింది. నేను తలుపు పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. "ఏం లావైందే ఇది... చెంపలు సూడు... ఆ కాసులపేరు మా అమ్మది గదా, ఇంగా పెట్టుకుంటాండాది" అని గొణిగి, పెద్దగా, "ఆ ఆవు ఎముకలగూడు మాదిరుండాది" అని ప్రకటించింది. ఫోటోను గోడ క్యాలెండరు వెనక దాచింది. ఆ తరువాత రోజుకు ఎన్నిసార్లు అవ్వకు తిథులు చూసే పని పడిందో! అవ్వకు చదువు రాదు.

జవాబు పోవద్దా మరి? మొదటిసారి అవ్వ తనంతట తనే ఫోటోకు నిలబడింది. పెళ్ళినాటి ఎర్ర పట్టుచీర కట్టి, గౌరి కొమ్ములకు పసుపు రాసి, దాన్ని తీసుకెళ్ళి ఎత్తైన గట్టు ఎక్కించింది. "నువ్వు కింద కాలవలో కూసోని తియ్యి. ఆవు ఏనుగంత అగుపడాల" అంది. బురదలో కూర్చొని తీశాను. ఆ ఫోటో పట్టుకొని మళ్ళీ కుప్పం పోతే చిన్నవ్వ అరగంట సేపు దాన్ని చూసి, "గట్టెక్కించిందని నాకు తెల్దా?" అని నవ్వి, ఆ పూటే కొత్త నీళ్ళ మోటారు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. దానికి జవాబుగా అవ్వ మా టమేటా బుట్టల గుట్ట ముందు కూర్చుంది. చిన్నవ్వ టీవీ పక్కన నిలబడితే, అవ్వ చిన్నాయన లారీ ఎక్కి స్టీరింగు పట్టుకొంది. ఫోటోలు మోసేది నేను. ఎవరూ ఎవరికీ ఏమీ పంపలేదు, నేను రైళ్ళు చూడ్డానికి పోయి వస్తున్నాను, అంతే. నా చదువు ఏమైనా కానీ, రైళ్ళ మీద నాకింత మోజేమిటని మా నాయన మాత్రం తెగ ఆశ్చర్యపోయేవాడు.

అలా సాగుతుండగా ఒకసారి నేను వెళ్ళేసరికి చిన్నవ్వ మంచం మీద ఉంది. కుడికాలికి మోకాలి దాకా వెదురుబద్దలు పెట్టి పుత్తూరు కట్టు కట్టారు. జెర్సీ ఆవు తన్నింది. కొడుకూ కోడలూ ఆ మాట చెప్పబోతే ఆమె కళ్ళురిమింది. నన్ను దగ్గరికి పిలిచి, "ఈ సంగతి ఆడ తెలిసిందంటే నేను బతకను. ఆ ఆవే తన్నిందని తెలిస్తే, సచ్చేదాకా నవ్వుతాది" అని నా చేత మాట తీసుకుంది. కానీ ఫోటో పోకపోతే అనుమానం వస్తుంది. కోడలు రవికె మార్చి, చీర భుజాన వేసి, పువ్వులు పెట్టి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. "నీ కెమెరా దగ్గరికి లాక్కుంటాది గదా, మొగం మాత్రం తియ్యి. నడుము కిందికి వొద్దు" అంది చిన్నవ్వ. ముక్కు పూర్తిగా చాచి తీశాను. ఎప్పటిలాగే నిప్పులు కురిసేటట్టు చూద్దామనుకుంది కానీ నొప్పికి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

ఆ ఫోటోను అవ్వ క్యాలెండరు వెనక పెట్టలేదు. చేతిలో పట్టుకొని వసారాలో కూర్చుండిపోయింది. "అంచు యాల అగుపడలేదు దీంట్లో?" అంది. "పట్టుచీర కట్టి అంచు సూపించకుండా ఫోటో తీసుకునే మనిషి కాదు అది. ఆవు లేదు. మోటారు లేదు. కూసోనుండాది. అది నిలబడకుండా కూసునిందంటే..." ఫోటోను ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "కాలికేమైంది పాపా దానికి?"

"నేను మాటిచ్చినానవ్వా" అన్నాను.

అదే జవాబైంది. అవ్వ, "ఆవేనా?" అంది. నేను తల దించుకున్నాను. అవ్వకు నవ్వొచ్చింది. భుజాలు అదిరేటట్టు, కళ్ళద్దాలు జారిపోయేటట్టు నవ్వింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి చూసేసరికి ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు కూడా తెలియలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని లేచి, "బస్సు ఎప్పుడుండాది?" అంది.

ఒక సంచిలో ఉలవలు, ఒక డబ్బాలో గౌరి నెయ్యి, నువ్వులనూనె సీసా. వి.కోటలో ఆ కండక్టరే "అవ్వకు ఫోటో తియ్యలేదా మా?" అని అడిగితే అవ్వ ఆయన్ని కసిరింది. కుప్పంలో ఆ ఇంటి ముందుకు రాగానే మాత్రం ఆగిపోయింది. నేను వెనక్కి చూస్తే గొణిగింది, "మొగం సూడనన్నాను. కాలు సూడనని యాడా అనలేదు." తల వంచుకొని గబగబా లోపలికి నడిచింది. మంచం మీద చిన్నవ్వ అదిరిపడి దుప్పటి పైకి లాక్కోబోయింది. అవ్వ ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా మంచం కాళ్ళవైపు కూర్చొని, దుప్పటి తొలగించి, కట్టును తడిమింది, బద్దల బిగువు చూసింది, వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూసింది. "ఈ ఏలు కదలతాండాదా?... ఇదీ?" అని కాలినే అడిగింది. చిన్నవ్వ పెదవులు కొరుక్కొంటూ, "కదలతాండాది... అదీ కదలతాండాది" అని జవాబు చెప్పింది. నూనె సీసా తీసి రెండో కాలికి రాయడం మొదలుపెట్టింది అవ్వ, తల ఇంకా వంచుకొనే.

"అక్కా" అంది చిన్నవ్వ. "మొగం కూడా సూడు. కాలికంటే అదే అధ్వానంగా ఉండాది."

అవ్వ చూసింది. నా భుజానికి కెమెరా వేలాడుతూనే ఉంది, రీలు నిండుగా ఉంది, నా చెయ్యి దాని మీదికి పోలేదు. కోడలు నన్ను రెక్క పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది.

కట్టు విప్పేదాకా అవ్వ కుప్పంలోనే ఉండిపోయింది. ఇంటి దగ్గర మా అమ్మ, అడ్డొచ్చేవాళ్ళు లేరని, గౌరిని వసారాలోంచి తరమబోయి, అది కదలకపోతే తనే దాని పక్కన చాప వేసుకుంది. అక్కడ జెర్సీ ఆవు పాలు పిండింది అవ్వే. "నీళ్ళు మాదిరుండాయి ఈ పాలు" అని రోజూ తిట్టి, వాటితో కాచిన కాఫీ రోజూ రెండో లోటా అడిగేదట. మరుసటి చలికాలం చిన్నవ్వ మా ఇంటికి వచ్చింది, గడప తొక్కనన్న మాట నిలబెట్టుకోవడానికి పెరటి దిడ్డిగుండా. వచ్చి, అనపకాయలు అయిపోయేదాకా కదల్లేదు. ఆపైన ప్రతి ఏడాదీ ఒకరు ఇంకొకరింట్లో కొన్నాళ్ళు ఉండేవారు. ఇద్దరూ పోయేదాకా అది అట్లాగే సాగింది.

ఆల్బమ్ చివరిదాకా తిప్పి హారిక అడిగింది, ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఏదని. లేదు. కొట్లాడుకున్న కాలమంతా ఆల్బములో ఉంది, కలిసి ఉన్న కాలం ఒక్క ముక్క కూడా లేదు. తెలియనివాళ్ళు చూస్తే వీళ్ళు జీవితమంతా పగతోనే బతికారనుకుంటారు. ఇప్పుడు మా కుటుంబం మొత్తానికి ఫోనులో ఒక గుంపు ఉంది. పొద్దున ఎవరు ఏ టిఫిన్ తిన్నారో, ఎవరి బిడ్డకు పన్ను ఊడిందో క్షణంలో అందరికీ తెలిసిపోతుంది. నేనూ చూస్తాను, బొమ్మలు పంపుతాను, సంతోషమే. నా మోకాళ్ళతో కుప్పం బస్సెక్కే బాధ కూడా తప్పింది. కానీ అంచు ఎందుకు కనపడలేదని అడిగే మనిషి ఆ గుంపులో ఎవరున్నారా అని అప్పుడప్పుడూ వెతుకుతాను. ఒకే ఫోటోను అన్ని రోజులు చూసే తీరిక మాకెవరికీ లేదు.

నేను ప్రయత్నించక కాదు. చిన్నవ్వ మా ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం, ఇద్దరూ వసారాలో ఒకరికెదురుగా ఒకరు కాళ్ళు చాపుకొని కూర్చొని, చిన్నప్పుడు ఆ దుప్పటిని ఎవరు ఎక్కువ లాక్కొనేవారో తేల్చుకొంటున్నారు. మాసిన చీరలు, విరబోసుకున్న జుట్లు. ఎండ వాలుగా పడుతోంది. కెమెరా తెచ్చి, "ఇద్దరూ ఇటు చూడండి, ఒక్కటంటే ఒక్కటి తీస్తాను" అన్నాను. చిన్నవ్వ మాట మధ్యలో ఆగి నావైపు విసుగ్గా చూసింది. అవ్వ నా చేతిలోని కెమెరాను, చెల్లెలిని మార్చి మార్చి చూసి, నిజంగానే అర్థం కానట్టు అడిగింది.

"ఎవురికి పంపించేదానికి పాపా?"